శాంతయ్యతో తిట్టించే బాస్

ఫిబ్రవరి 3, సోమవారం

శాంతయ్య ఇవాళ కూడా తిట్టలేదు.

నా సొంత తమ్ముడు. గోడకు ఆ పక్క వాడు, ఈ పక్క నేను. మూడేళ్ళ కింద భూమి పంచుకున్నాం. చీటీలు వేస్తే నీళ్ళున్న బోరు నాకొచ్చింది. వాడు కొట్లాడలేదు. సంతకం పెట్టి, చాయ్ తాగి పోయాడు. మరునాటి నుంచి నోటికి తాళం. నేను ఎదురొస్తే కరెంటు స్తంభాన్ని చూసినట్టు చూస్తాడు. నాలుగు బూతులు తిట్టి పగ పట్టు, ఒప్పుకుంటాను. తిట్టకుండా పగ పట్టేవాడు మనిషేనా?

వాడి బర్రె కొమ్ములకు నా పాత తువాలు చుట్టి పెళ్ళికూతుర్ని చేశాను. వీధంతా నవ్వింది. వాడు తువాలు విప్పి, మడత పెట్టి, నా గోడ మీద పెట్టి పోయాడు. మడత పెట్టడమేంది, దొంగ!

వాడితో తిట్టించుకోకుండా నేను చావను.

ఫిబ్రవరి 5, బుధవారం

మనవడు అనిల్ కిరాయికి తిప్పే కారు డిక్కీలో పెద్ద డబ్బా పెట్టించాడు. సబ్‌వూఫర్ అట, పాటలో బాస్, అంటే గుండె అదిరే దరువు, దాన్నుంచే వస్తుందట. పాట పెడితే శాంతయ్య వాకిటి రేకులు గలగలమన్నాయి. నాకు బుద్ధి పుట్టింది. డిక్కీ వాడి గోడ వైపు తిప్పి పెట్టమన్నాను.

సౌండ్ పెంచితే హెడ్‌లైట్లు గుడ్డివవుతున్నాయి. పాట ఆగి ఆగి వస్తోంది. మా ఇంటిది జానకమ్మ తలుపు దగ్గర నిలబడి, గా కారుకు కూడా నీ దగ్గే అంటుకున్నది అంది.

ఫిబ్రవరి 8, శనివారం

గద్వాల పోయాం. మెకానిక్ బాసిత్ బానెట్ ఎత్తి చూసి నవ్వాడు. ఊరికి ట్రాన్స్‌ఫార్మర్ చిన్నది, మోటర్లేమో పెద్దయి పెట్టిండ్రు, ఎట్ల నడుస్తది పెద్దాయనా అన్నాడు. పెద్ద ఆల్టర్నేటర్ వెయ్యాలట. డిక్కీలో ఇంకో బ్యాటరీ. బ్యాటరీ నుంచి వేలంత లావు వైర్లు. కారుకు కరెంటు ఆల్టర్నేటర్ పుట్టిస్తుందట, బ్యాటరీ దాచిపెడుతుందట. అనిల్ వెనక్కి తగ్గాడు. వెయ్యి, మొత్తం వెయ్యి, పక్కింటి శాంతయ్య దాకా వినపడాలి అన్నాను. బాసిత్‌కు శాంతయ్య ఎవరో తెల్వదు.

నీ షాపులో బల్బే మిణుకుమిణుకుమంటోంది, నువ్వు నా కారుకు కరెంటు పెంచుతావా అన్నాను. నా బల్బు నాకు ఊరోళ్ళ తిట్లు తెస్తలేదు గదా అన్నాడు. నోరున్నవాడు. నచ్చాడు.

పోయేటప్పుడు బ్యాటరీ పక్కన లావు వైరు మీదున్న ఫ్యూజు చూపించాడు. ఇది పోతే నాకు ఫోన్ కొట్టుండ్రి, తీగ గీగ కట్టకుండ్రి, పొలమోళ్ళ సంగతి నాకెర్కే అన్నాడు. అప్పుడు నచ్చలేదు.

ఫిబ్రవరి 10, సోమవారం

అబ్బ! లైట్లు కదలలేదు. నా పళ్ళు కదిలాయి. జానకమ్మ గూట్లో గ్లాసులు వాటంతట అవే నడిచి కింద పడ్డాయి.

శాంతయ్య పెండ్లాం ఈదమ్మ వచ్చింది. బావా, మా కోళ్ళు గుడ్లు పెడ్తలేవు, జర తగ్గించు అంది. నీ మొగుణ్ణి వచ్చి చెప్పమను అన్నాను. ఆయన చెవుల్ల దూది పెట్టుకొని పండిండు అంది.

దూది! పత్తి పండించేవాడితో పగ పెట్టుకుంటే ఇంతే.

ఫిబ్రవరి 12, బుధవారం

తిట్టలేదు.

ఫిబ్రవరి 15, శనివారం, మధ్యాహ్నం

అనిల్ పొద్దున గొర్రెలు కొనేవాళ్ళను ఎక్కించుకుని పెబ్బేరు సంతకు పోయి వచ్చాడు. దోవలో పాట బందైందట. ఫ్యూజు పోయింది. బాసిత్ రేపు వస్తానన్నాడు. అనిల్ తాళం గూట్లో పెట్టి అన్నం తింటున్నాడు.

రేపటి దాకా ఎవరాగుతారు? పొలంలో స్టార్టర్ డబ్బాలో ఫ్యూజు పోతే ఏ రైతైనా ఏం చేస్తాడు? రాగి పోగులు మెలేసి కడతాడు. నీళ్ళు వస్తాయి. నేనూ కట్టాను. పాట వచ్చింది.

అదే రోజు, సాయంత్రం

ఒక పాట నిండా అయ్యింది. రెండో పాటలో బానెట్ కింద నుంచి పొగ. తర్వాత మంట. అనిల్ ఎంగిలి చేత్తో ఉరికొచ్చాడు. నేను బిందె ఎత్తితే, నీళ్ళు పొయ్యకు తాతా అని అరిచాడు.

గోడ దూకి శాంతయ్య వచ్చాడు. చెవుల్లో దూది అట్లే ఉంది. గంపతో మట్టి పోశాడు. ట్రాక్టర్ నడిపిన చెయ్యి కదా, బ్యాటరీ వైరు గుంజి పారేశాడు. మంట చచ్చింది. నేను కట్టిన రాగి పోగులు చూశాడు. నన్ను చూశాడు. ఇప్పుడు తిడతాడు, ఇప్పుడు తిడతాడు అని నిలబడ్డాను.

ఆ తీగ పీకి నా చేతిలో పెట్టి పోయాడు. చెయ్యి కాలింది. వాడు మాత్రం నోరు విప్పలేదు.

అనిల్ మాత్రం, నా బతుకుదెరువు మీద నీకేం పగ తాతా అన్నాడు. లోపలికి పోయి తలుపేసుకున్నాడు.

ఫిబ్రవరి 17, సోమవారం

అనిల్ ఇంకా మాట్లాడడం లేదు. గోడకు ఆ పక్క ఒక మూగోడు చాలడా? ఇంట్లో ఇంకొకడు.

బాసిత్ నిన్న రాలేదు, ఇవాళ వచ్చాడు. గుంతల రోడ్డు మీద లావు వైరు ఇనుప అంచుకు రాసుకుని తోలు లేచిందట. మీ పాణం కాపాడనీకి ఫ్యూజు సచ్చింది, నువ్వు దాని శవం మీద తీగ కట్టినవ్ అన్నాడు. సగం వైరింగ్ కాలింది. కారు ఎప్పుడు లేస్తుందో చెప్పలేనన్నాడు. నిన్ను తిట్టనీకి నా తెలుగు సరిపోతలేదు పెద్దాయనా అన్నాడు. ఉర్దూలో తిట్టు అన్నాను. తిట్టాడు. బాగానే తిట్టాడు. కానీ వాడు శాంతయ్య కాదు.

జానకమ్మ కాలిన చేతికి మందు రాస్తూ గట్టిగా నొక్కింది. కావాలనే.

ఫిబ్రవరి 20, గురువారం

శాంతయ్య తిట్టాడు.

నన్ను కాదు, అనిల్‌ను. మా అన్నకు తలకాయ లేదని నీకెర్కలేదారా, గాడిద కొడకా, తాళం గూట్ల ఎట్ల పెట్టినవ్, ముసలోడు కాలి సస్తే ఎవడు జవాబు చెప్పాలె అని. వీధంతా వినేటట్టు.

నేను అక్కడే, అరుగు మీదే, అనిల్ వెనకే ఉన్నాను.

ఆ తిట్లు నావిరా, పక్కకు జరుగు అని అనిల్‌తో అన్నాను. జరగలేదు.