మోతీకి మత్తు ఇచ్చే ముందు

శ్రీనూ,

నువ్వు పోయి రేపటికి ఏడాది. నీ కుక్క మోతీకి వెనక కాళ్లు పడిపోయాయి. వెన్నుకు స్కాన్ తీయాలని నాంపల్లి పశువుల డాక్టరమ్మ చెప్పింది. అది కదలకుండా పడుకోవాలంటే మత్తు ఇవ్వాలట.

"ఎన్నడన్న ఫిట్స్ గిట్ల వచ్చినయా అమ్మా?" అని అడిగింది.

"లేదు" అన్నాను.

రెండుసార్లు వచ్చాయి. నువ్వు దాన్ని ఒళ్లో పట్టుకుని కూర్చుంటే చూశాను. కానీ చిన్నప్పుడు నీకు ఫిట్స్ మొదలైనప్పటి నుంచి, బడిలో అడిగినా పెళ్లిచూపుల్లో అడిగినా నేను చెప్పిన జవాబు అదే. నోటికి అలవాటైపోయింది.

ఆమె సిరంజిలోకి మందు తీస్తుంటే మనసులో చేసుకుంటున్న జపం ఆగిపోయింది.

"ఆగు బిడ్డా. వచ్చినయి, రెండుసార్లు."

ఆమె సిరంజి పక్కన పెట్టింది. "జర ముందే చెప్పాలె కదమ్మా. వేరే మందు ఇస్తా. అయినా ఫిట్స్ రావని భరోసా ఇయ్యలేను. వద్దంటే ఇంటికి తీస్కపోన్రి."

తీసుకుపోతే అది అబిడ్స్ ఇంట్లో నేల మీద దేకుతూనే ఉంటుంది. సంతకం పెట్టాను. దాన్ని లోపలికి తీసుకుపోయి తలుపు మూశారు.

నీ విషయంలో మాత్రం, చివరిసారి ఆస్పత్రిలో అడిగినప్పుడు కూడా, ఈ నోరు లేదనే చెప్పింది, తమ్ముడూ.

గంట దాటింది. ఇంకా పిలవలేదు.

అక్క