గార్డు లేని గూడ్సు బండి

రువైస్ (అబుదాబి), 11-2-2017

చెల్లీ సువార్తా,

ఒంట్లో బాగుంది, తిండికి లోటు లేదు. ముందు అమ్మకు ఆ మాట చెప్పు. నిన్న శుక్రవారం సెలవు కదా, నేనూ మా రూములో ఉండే జగిత్యాల రాజలింగమూ సైకిళ్ల మీద రైలు కంచె పక్క మట్టిదారిలో ముప్పై కిలోమీటర్లు పోయాం. చెట్టు లేదు, ఊరు లేదు. ఇసుకలో పట్టాలు తిన్నగా పోతూనే ఉన్నాయి. ఇంతలో గంధకం గూడ్సు వచ్చింది. నాకు తెలియకుండానే సైకిలు దిగి, నాన్న రైల్వే గ్యాంగు డ్యూటీలో నిలబడ్డట్టే నిలబడి, చక్రాలన్నీ చూశాను. బండి బాగుందని గార్డుకు చూపించడానికి తలగుడ్డ పైకెత్తాను. చివరి పెట్టె కూడా దాటిపోయింది, గార్డు లేడు.

"గీ బండికి గార్డే ఉండడు భాయ్. యల్లా, పోదాం పా" అని రాజలింగం నవ్వాడు. నాకు చెయ్యి దించబుద్ధి కాలేదు.

నాన్న ముందే రిటైరై తన ఉద్యోగం నాకిప్పిస్తానంటే, ఎండలో పట్టాల వెంట తిరగలేనన్నాను. ఆయన నాతో మాట్లాడి నాలుగేళ్లయింది.

అమ్మ బీపీ మాత్రలు వేసుకుంటోందా? వంటింటి రేకు మార్పించారా? ఎవరైనా ఇటు వస్తుంటే గోంగూర పచ్చడి పంపు. సంఘంలో అందరికీ నా వందనాలు.

ఈ కార్డు నాన్నకు వినపడేలా చదువు. గార్డు లేని బండి బాగుందని ఎవరికి చూపించాలో అడుగు. జవాబు మాత్రం నువ్వు రాయకు, ఆయన్నే రాయమను.

మీ అన్న,
రత్నరాజు