పూరీలో ఉన్నట్టు

మే 3, ఆదివారం

ఎండ నలభై నాలుగు. పొద్దున్న కూలర్‌లో పోసిన నీళ్లు మధ్యాహ్నానికి అయిపోయాయి.

తమ్ముడు జానకిరామ్ ఫోన్ చేశాడు. పూరీ ప్రయాణం పదిహేనో తారీకు, శుక్రవారం. తనకీ, భార్య ఊర్మిళకీ, పిల్లలిద్దరికీ బెర్తులు కన్‌ఫర్మ్. నాదొక్కటే వెయిటింగ్. రైల్వే ఉద్యోగం కాబట్టి నాకు పాస్ ఉంది, దాని మీద నేనే చేయించుకుందును. అందరం ఒక్కచోట ఉండాలని తనే చేయిస్తానన్నాడు. పోనీ ఆఫీసులో చెప్పి కోటా పెట్టించనా అంటే, వొద్దక్కా, నాకొగ్గీ, అయిపోద్దిలే అన్నాడు.

అమ్మ పోయి మూడేళ్లు. అప్పట్నుంచి ప్రతి వేసవీ వాళ్లతోనే తిరుగుతున్నాను. ఒక ఏడు అమర్‌కంటక్, ఒక ఏడు వైజాగ్, నిరుడు పచ్‌మఢీ. పిల్లల స్నానాలూ, భవిత జడలూ, దారిలో టిఫిన్లూ నావి. ఊర్మిళ ఫొటోలు దిగుతుంది. నాకేం కష్టంగా ఉండదు. నలభై తొమ్మిదేళ్లకి, చేతిలో ఒక పిల్ల చెయ్యి ఉంటే నడక వేరేగా ఉంటుంది.

సముద్రంలో తడిసినా ఫరవాలేని కాటన్ చీరలు రెండు కొన్నాను.

మే 7, గురువారం

లంచ్ టైములో సింహాచలంగారు మా సెక్షన్‌కి వచ్చారు. రిటైరైన గార్డు. డెబ్భై దాటాయి. ఇక్కడ బిలాస్‌పూర్‌లో తెలుగువాళ్ల సంఘం తరఫున ఏటా వేసవిలో నాటకం వేయించేది ఆయనే. ఈసారి ఆయన రాసినదే, ఒక గార్డు ఆఖరి డ్యూటీ రోజు కథ. ఇరవై మూడున రైల్వే ఇన్‌స్టిట్యూట్ హాల్లో. గార్డు వేషం ఆయనదే.

ప్రాంప్టర్ లేడట. ఇన్నాళ్లూ తెర వెనక నుంచి మాటలు అందించిన వేణుగోపాల్‌కి నాగ్‌పూర్ ట్రాన్స్‌ఫర్ అయింది. కుర్రాళ్లకి తెలుగు మాట వచ్చు, అక్షరం రాదు. డైలాగులన్నీ హిందీ అక్షరాల్లో రాసుకుంటున్నారట. "మన అక్షరం సదివినోలు దొరకడం నేదమ్మా" అన్నారు.

పూరీ వెళ్తున్నానండీ అన్నాను. సెక్షన్ అంతా వినేలా అన్నాను.

మే 13, బుధవారం

లీవ్ శాంక్షన్. పదిహేను నుంచి ఇరవై నాలుగు వరకు. వెయిటింగ్ 3.

మే 14

వెయిటింగ్ 2.

మే 15, శుక్రవారం. సాయంత్రం 7

చార్ట్ వచ్చింది. నాది ఒకటో నంబరు దగ్గర ఆగిపోయింది.

జానకిరామ్ ఫోన్ చేసి చాలా బాధపడ్డాడు. మేమూ మానేద్దుమా అన్నాడు. నేను వద్దంటానని వాడికి తెలుసు. పొద్దున్నే లేచి అయిదుగురికి సరిపడా పులిహోర కలిపి ఉంచాను. బండి టైముకి డబ్బా పట్టుకుని స్టేషన్‌కి వెళ్లాను.

ప్లాట్‌ఫాం మీద అయిదుగురు ఉన్నారు. అయిదో మనిషి ఊర్మిళ చెల్లెలు తనూజ. తలకి కొత్త టోపీ. నన్ను చూసి నవ్వి, వెంటనే వాటర్ బాటిల్ కొనడానికి వెళ్లిపోయింది. ఊర్మిళ బ్యాగుల జిప్పులు సరిచూడటం మొదలుపెట్టింది. తనూజ కూడా ఆఖర్న బయల్దేరిందని ఏదో అంది.

భవితకి పన్నెండేళ్లు. దానికి దాచడం రాదు. "నహీ అత్తా, పిన్ని టికెట్ తో మాతోనే అయిపోయింది, మార్చ్‌లోనే" అంది.

నా టికెట్ ఏప్రిల్ ఇరవై ఎనిమిదిన చేశాడు. మెసేజ్ ఉంది ఫోన్‌లో.

డబ్బా వాళ్ల పిల్లాడు మనోజ్ చేతికిచ్చాను. బండి కదిలేదాకా ఉన్నాను. చెయ్యి ఊపాను కూడా.

మే 16, శనివారం

ఈ రోజు చేసిన పని రాయడానికి సిగ్గుగా ఉంది. ముందు తలుపుకి బయట తాళం వేసి, చుట్టూ తిరిగి పెరటి తలుపులోంచి లోపలికి వచ్చాను.

కాలనీలో అందరికీ చెప్పాను పూరీ అని. ఇప్పుడు కనిపిస్తే, ఏటి వెళ్లలేదేటి అని అడుగుతారు. ఒకళ్లకి చెప్తే పదిమందికి చెప్పాలి. ప్రతిసారీ నవ్వాలి.

లైట్ వేయలేదు. టీవీ సౌండ్ లేకుండా పెట్టుకుని చూశాను.

మే 17, ఆదివారం

ఇంటివాళ్ల వాట్సాప్ గ్రూప్‌లో ముప్పై ఒక్క ఫొటోలు. సముద్రం, ఒంటె, భవిత జుట్టు నిండా ఇసుక. ఆ జుట్టు ఎవరు కడిగారో. అన్నిటికీ చప్పట్ల బొమ్మ పెట్టాను.

మే 18, సోమవారం

సెక్షన్ నుంచి నీలవేణి మెసేజ్. మేడమ్, సముద్రం ఫొటో పంపండి అని. గ్రూప్‌లోంచి మనుషులు లేని ఫొటో ఒకటి తీసి పంపాను. వావ్ అంది.

కూరగాయలు అయిపోయాయి. రెండు పూటలా చారు.

మే 19, మంగళవారం

నాలుగు గోడల మధ్య ఇంక ఉండలేకపోయాను. తెల్లారకముందే పెరట్లోంచి బయటపడి స్టేషన్‌కి వెళ్లి, కట్నీ వైపు ప్యాసింజర్ ఎక్కాను. ఎక్కడికని అనుకోలేదు. తెలిసినవాళ్లు లేని చోటికి. కిటికీ పక్క సీటు దొరికింది. నన్ను కిటికీ పక్క ఎవరూ కూర్చోనిచ్చి ఎన్నాళ్లయిందో. ఎప్పుడూ పిల్లలదే కదా ఆ సీటు.

కర్గీ రోడ్ స్టేషన్‌లో దిగాను. టీ తాగాను. బాగుంది. రెండో టీ తాగాను. చెప్పుకోవడానికి పక్కన ఎవరూ లేరు, అంతే.

అప్పుడు బెంచీ చివర సింహాచలంగారు కనిపించారు. ఇస్త్రీ చొక్కా, చంకలో ఫైలు. లేచి వెళ్లిపోదామనుకునేలోపు చూసేశారు.

"ఏటమ్మా ప్రసూనా, పూరీ ఎల్లనేదేటి?"

నాలుగు రోజులుగా తప్పించుకున్న ప్రశ్న. "నన్ను తీసికెళ్లలేదండీ" అన్నాను. చిన్నపిల్లలా వచ్చింది గొంతు. ఆయన అచ్ఛా అని, తన సంచీలోంచి జంతికలు తీసి పెట్టారు. ఇద్దరం తిన్నాం. మీరిక్కడికెందుకొచ్చారని అడిగితే, పనుండి అన్నారు. ఏం పనో చెప్పలేదు.

బిలాస్‌పూర్ బండి వచ్చింది. ఆయన దాన్ని చూస్తూ, "ఇది ఎటెల్తాది?" అన్నారు. ముప్పై ఆరేళ్లు ఈ లైన్లో పనిచేసిన మనిషి. వేళాకోళం అనుకుని నవ్వాను. ఆయన నవ్వలేదు.

ఇద్దరం అందులోనే ఎక్కి వస్తుంటే, దారిలో నాటకానికి ప్రాంప్ట్ చేస్తానని చెప్పాను.

మే 20, బుధవారం

ముందు తలుపు తాళం తీసేశాను. ఎదురింటావిడ చూసి, నల్లా వచ్చిందా అని అడిగింది. అంతే. నేను ఊళ్లో లేననీ, ఉన్నాననీ ఎవరూ లెక్క పెట్టుకోలేదు. దాక్కున్నదంతా నాకోసం నేనే.

సాయంత్రం అయిదింటికి రిహార్సల్. నాగేంద్ర అసిస్టెంట్ లోకో పైలట్, నాటకంలో కుర్ర గార్డు. వాడి కాగితాల్లో తెలుగంతా హిందీ అక్షరాల్లో ఉంది. ళ అనలేడు. కానీ ఒక్క మాట మర్చిపోడు. కుర్రాళ్లెవరూ మర్చిపోవడం లేదు.

మే 21, గురువారం

మర్చిపోతున్నది సింహాచలంగారు.

తను రాసిన మాటలే. మూడో సీన్‌లో గార్డు ఇంటికొచ్చి, ఖాళీ కుర్చీ ముందు కూర్చుని, ఒక్కడూ పేజీన్నర మాట్లాడాలి. ఇవాళ నాలుగుసార్లు ఆగిపోయారు. నాలుగోసారి నేను అందించిన మాట కూడా పట్టుకోలేకపోయారు. దాహం వేసినట్టు దగ్గి కప్పిపుచ్చారు. కుర్రాళ్లు నమ్మారు.

అందరూ వెళ్లాక నా దగ్గరికి వచ్చి నిలబడ్డారు. ఇంట్లో కొడుకు రాంప్రసాద్‌కి చెప్పొద్దన్నారు. తెలిస్తే గుమ్మం దాటనివ్వడట. "మొన్న కర్గీ రోడ్డుకి ఎందుకెల్లేనో నాకే తెల్దమ్మా. నిన్ను సూసేక, మనిసి దొరికిందిరా అనుకున్నాను."

చెప్పనన్నాను. నా పూరీ సంగతి ఆయన ఎవరికీ చెప్పలేదు మరి.

మే 22, శుక్రవారం

రేపు పొద్దున్న తమ్ముడివాళ్లు దిగుతారు. నాటకం సంగతి గ్రూప్‌లో పెట్టాను. ఏదైనా పెట్టాలనిపించింది.

స్క్రిప్ట్ మొత్తం నాకు వచ్చేసింది. కళ్లు మూసుకుని చెప్పగలను.

మే 24, ఆదివారం. పొద్దున్న 6

నిన్నటిది రాయాలి. 

హాలు నిండింది. పాత కాలనీలవాళ్లు, బొగ్గు కంపెనీవాళ్లు, బ్యాంకులవాళ్లు, ముందు వరసలో కింద కూర్చున్న పిల్లలు. చేతుల్లో విసనకర్రలూ మడిచిన కాగితాలూ. నాలుగో వరసలో జానకిరామ్‌వాళ్లు. ఎండకి అందరి మొహాలూ నల్లబడ్డాయి. నేను స్టేజి పక్కన, కుడి వింగ్‌లో, స్టూలు మీద, చిన్న టార్చ్‌తో. తెర సందులోంచి నాకు వాళ్లు కనిపిస్తారు, వాళ్లకి నేను కనిపించను.

రెండు సీన్లు హాయిగా నడిచాయి. మూడో సీన్. ఆయన వచ్చారు, కోటు విప్పారు, కుర్చీ ముందు కూర్చున్నారు. మాట రాలేదు.

అందించాను. మళ్లీ అందించాను. మూడోసారి ఎంత గట్టిగా అన్నానంటే ముందు వరస పిల్లలు నా వైపు తిరిగారు. ఎవరో ఈల వేశారు. ఎడమ వింగ్‌లోంచి నాగేంద్ర, తెర దించెయ్యమంటారా అని సైగ చేశాడు. ఆయన తల తిప్పి నన్ను చూశారు. కర్గీ రోడ్‌లో బండిని చూసిన చూపే అది.

స్క్రిప్ట్ కింద పెట్టాను. వింగ్‌లో ఉన్న మంచినీళ్ల గ్లాసు తీసుకుని స్టేజి మీదికి నడిచాను. నేను ఎందులోనూ ఎప్పుడూ వేషం వేయలేదు. మొహానికి రంగు లేదు. పూరీ కోసం కొన్న చీర కట్టుకుని ఉన్నాను. ఆ నాటకంలో అసలు ఆడపాత్రే లేదు.

గ్లాసు అందించి, "డూటీ ఎలగయ్యింది?" అన్నాను. ఆ మాట అమ్మది. నాన్న ఎన్ని గంటలకొచ్చినా అదే అడిగేది.

ఆయన నీళ్లు తాగారు. నా మొహం చూశారు. ఆ మొహంలో మబ్బు విడినట్టయింది. "అమ్మన్నా, ఇంకా తొంగోనేదేటే?" అన్నారు.

అది స్క్రిప్ట్‌లో లేదు. "మీరు రాకండా ఎలగ తొంగుంతాను" అన్నాను.

తర్వాత నేను అడుగుతూ పోయాను. తిన్నారేటి. బండి ఎక్కడాగిపోనాది. దీపం ఆరిపోతే ఏటి సేసేరు. పేజీన్నర మాటల్నీ ప్రశ్నలుగా విరిచి ఒక్కొక్కటీ ఆయన చేతిలో పెట్టాను. ఆయన చెప్పుకుంటూ వచ్చారు. ఘాట్‌లో వాన, ఆరిపోయిన దీపం, పట్టాల వెంట టార్చ్ పట్టుకుని నడవడం. కొంత నాటకం, కొంత కాదు. ఏది ఏదో నాకు తెలియలేదు. హాల్లో విసనకర్రలు ఆగిపోయాయి.

"జెండాలు ఇచ్చేసి వొచ్చేసేనే" అన్నారు చివరికి. అది మాత్రం నాటకంలో ఆఖరి మాట. నాగేంద్ర తెర దించాడు.

చప్పట్లు చాలాసేపు వినిపించాయి. తెర వెనక ఆయన నా చెయ్యి వదల్లేదు. అమ్మన్న ఆయన భార్య పేరని, పోయి పదకొండేళ్లయిందని నాగేంద్ర మెల్లిగా చెప్పాడు. రాంప్రసాద్ వచ్చి తండ్రిని లేవదీశాడు. అతనికి అర్థమైపోయింది. నన్ను చూసి దండం పెట్టాడు.

భవిత తెర తోసుకుని వచ్చి, "అత్తా, ఆప్ తో హీరోయిన్ హో!" అని నడుం పట్టుకుంది. ఊర్మిళ, మీరు నాటకంలో ఉన్నట్టు చెప్పనేలేదు వదినా అంది. జానకిరామ్ దూరంగా నిలబడ్డాడు.

ఇంటికొచ్చి దీపం వేసుకుని కూర్చున్నాను. ఒక మనిషి నేను వచ్చినందుకు అంత సంతోషపడి ఎన్నేళ్లయింది? ఆ సంతోషం నాది కాదు, అమ్మన్నది. తెలుసు. కానీ ఆ చూపు పడింది నా మొహం మీదే.

మే 26, మంగళవారం

జానకిరామ్ ఖాజా డబ్బా పట్టుకుని ఒక్కడే వచ్చాడు. చాలాసేపు ఎండ గురించి మాట్లాడాడు. తర్వాత టికెట్ సంగతి తనే ఎత్తాడు.

కావాలనే ఆలస్యంగా చేశాడట. అయితే అయింది, లేకపోతే లేదు అనుకున్నాడట. "నువ్వుంటే అమ్మ ఉన్నట్టే ఉంటాదక్కా. మేం అల్లరి సెయ్యలేం, గట్టిగా నవ్వలేం. ఊర్మిళ ఈ ఒక్క ఏడూ నువ్వు లేకండా ఎల్దామంది. ఎలగ సెప్పీది నీకు?"

ఇలాగే చెప్పీది, అన్నాను. ఇప్పుడు చెప్పావు కదా.

పెరటి తలుపులోంచి ఇంట్లోకొచ్చిన సంగతి చెప్పాను. రెండు పూటలా చారు తిన్న సంగతి కూడా. వాడు నేల చూపులు చూస్తూ, ఖాజా ముక్కలు ముక్కలు చేశాడు, తినలేదు. దసరాకి తప్పకుండా అందరం కలిసి వెళ్దాం అన్నాడు. అప్పుడు చూద్దాంలే అన్నాను. వెళ్లేటప్పుడు చిన్నప్పటిలా నా భుజానికి తల ఆనించాడు. నేను వీపు నిమిరాను. వాడు చెప్పింది నిజమే. అమ్మలాగే నిమిరాను.

కోపం రాలేదు. వస్తే బాగుండును.

జూన్ 6, శనివారం

పొద్దున్న పదింటికి సింహాచలంగారు గుమ్మంలో నిలబడ్డారు. ఇస్త్రీ చొక్కా, చంకలో ఫైలు. వెనకాల గేటు దగ్గర రాంప్రసాద్ స్కూటర్ మీద.

ఇయ్యాల రిహార్సల్ ఎన్నింటికమ్మా అని అడిగారు.

అయిదింటికండీ అన్నాను.

అయిదింటికి వెళ్లాను. ఇన్‌స్టిట్యూట్‌కి తాళం వేసి ఉంది. ఆయనా వచ్చారు, మెట్ల మీద కూర్చున్నాం. ఆయన మొదలుపెట్టారు. ఒక్క మాటా నాటకంలోది కాదు. నేను అడుగుతూ పోయాను.