ఆమేన్‌లో బన్నీ

2016 ఆగస్టు, గురువారం రాత్రి. గరివిడి.

ఇంకా ఒళ్లు మండుతూనే ఉంది. సాయంత్రం చర్చిలో స్త్రీల కూటంలో ప్రార్థన అవసరతలు అడిగితే, మా కుక్క బన్నీ గురించి చెప్పాను. దాని గుండెలో కవాటం సరిగ్గా మూసుకోవడం లేదనీ, జపాన్‌లో అయితే ఆపరేషన్ చేస్తున్నారు గాని ఇక్కడ మందులతో నెట్టుకురావాల్సిందేననీ విశాఖ డాక్టరు అన్న మాట చెప్పాను. అందరూ నవ్వారు.

"కుక్కకి గుండె ఆపరేసనేటమ్మా? మనుసులకే దిక్కు నేదు," అంది సంఘ పెద్ద భార్య మార్తమ్మ. "దానికి పార్దన సేత్తే దేవుడు నవ్వుతాడు."

పోయిన నెల ఈవిడ బోరులో నీళ్లు పడాలని మేమంతా మోకాళ్లు నొప్పెట్టేదాకా ప్రార్థించాం. అప్పుడు దేవుడు నవ్వలేదు కాబోలు. నేలలో దించిన గొట్టం కోసం అడగొచ్చు గాని, ఊపిరందక రాత్రంతా కూర్చునే ప్రాణి కోసం అడగకూడదా?

ముగింపు ప్రార్థన నా వంతు. మార్తమ్మ అల్లుడి బదిలీ కోసం అడగమన్నారు, అడిగాను. అందరూ కళ్లు మూసుకునే ఉన్నారు కదా అని, అదే ఊపులో బన్నీ గుండెను కాపాడమనీ, ఆ ఆపరేషన్ మన దగ్గరికీ రావాలనీ కలిపేశాను. అలవాటు కొద్దీ అందరూ ఆమేన్ అన్నారు. మార్తమ్మ గొంతే పెద్దగా వినిపించింది.

అయినా కోపం తగ్గలేదు. బన్నీ మళ్లీ దగ్గుతోంది.