కుండీ హీటరూ, అత్తగారి ఉక్కపోతా

డిసెంబర్ 4, సాయంత్రం 5:30
శపథం! ఈ చలికాలం మా ఇంట్లో కరెంటు హీటరు వెలగదు. పాతది ఎలాగూ కాలిపోయింది. కావలసినవి: చిన్నదీ పెద్దదీ రెండు మట్టి కుండీలు, ఒక బోల్టు, మూడు ఇటుకలు, నాలుగు కొవ్వొత్తులు. అంతే! ఫోన్లో చూసిన వీడియోలో ఒకాయన కొవ్వొత్తుల మీద కుండీలు బోర్లించి గది మొత్తం వెచ్చబెట్టేశాడు. నేను స్కూల్లో బొమ్మలు గీయడం నేర్పే మాస్టార్ని, చేతిలో పనితనానికి లోటా?

ఎల్లుండి అత్తగారు వస్తున్నారు. చలికాలమంతా ఉంటారు. పోయినేడు మా తోడల్లుడి ఇంట్లో ఉన్నారు. అక్కడ గదికో హీటరు! చలికి తాళలేక ఆవిడ మళ్లీ అక్కడికే వెళ్లిపోతే నా పరువేం కావాలి?

డిసెంబర్ 6, సాయంత్రం 6:00
కుండీ కోసం మా ఆవిడ గులాబీ మొక్కను బకెట్లోకి మార్చాను. తను ఇంకా చూడలేదు.

6:20. వెలిగించాను! కుండీ ముట్టుకుంటే చెయ్యి చురుక్కుమంది! విజయం!!

7:00. గదిలో 16 డిగ్రీలు. వెలిగించకముందు కూడా 16. థర్మామీటరుకు బద్ధకం.

పొద్దున దిగిన అత్తగారిని చలిగా ఉందా అని అడిగాను. "అబ్బే, చలేంటి అల్లుడుగారూ! ఉక్కపోస్తోంది" అన్నారు. ఎంత మంచి మనిషి!

7:10. మా ఆవిడ బకెట్ చూసింది.

డిసెంబర్ 8
గోడకు గ్రాఫు అంటించాను. ఎర్ర పెన్సిలు గీత. 16, 16, 16½. ఆ అర డిగ్రీ నాదే!

మా ఆవిడ వచ్చి కిటికీ ఓరగా తెరిచింది. "ఇన్ని కొవ్వొత్తులు వెలిగించి తలుపులన్నీ మూస్తారా? గాలి ఆడొద్దూ?" నిజమే, కాదనలేకపోయాను. 15. ఇది కిటికీ తప్పు.

డిసెంబర్ 11
నాలుగు కాదు, ఆరు కొవ్వొత్తులు! అయినా 15.
ఎనిమిదో తరగతి చదివే మా అమ్మాయి అంది: "కుండీ బోర్లిస్తే వేడి పెరగదు నాన్నా. కొవ్వొత్తి ఎంత ఇస్తే అంతే." చిన్నపిల్ల, దానికేం తెలుసు? రేపు మా స్కూలు సైన్సు మాస్టార్ని అడగాలి. ప్రాణస్నేహితుడు.

డిసెంబర్ 12
అడిగాను. ఇప్పుడు మా మధ్య మాటల్లేవు.

డిసెంబర్ 13, సాయంత్రం 6:15
టప్! చిన్న కుండీ పగిలింది. ఎవరికీ ఏం కాలేదు. అత్తగారు మాత్రం ఉలిక్కిపడి లేచారు. శాలువా జారింది. కింద స్వెటరు. దాని కింద ఇంకో స్వెటరు. ఒళ్లోంచి వేడినీళ్ల సంచి జారి నా పాదాల మీద పడింది. వారంలో మొదటిసారి నాకు వెచ్చగా అనిపించింది.

అంటే ఇన్నాళ్లూ ఆవిడ నా మనసు నొప్పించలేక, వణుకుతూనే ఉక్కపోస్తోందన్నారు. తలకొట్టేసినట్టయింది.

డిసెంబర్ 14, ఉదయం
అత్తగారు అటక మీది తన పెట్టె దించమన్నారు. అయిపోయింది!
"పెద్దల్లుడుగారికి ఫోన్ చేస్తానండీ, వచ్చి తీసుకెళ్తారు" అన్నాను.
"ఎందుకూ? మూడో స్వెటరు అందులో ఉంది."
"అక్కడైతే గదికో హీటరు కదండీ..."
"గదికో హీటరు, గదికో మనిషి. తలుపులేసుకుని ఎవరి వెచ్చదనం వాళ్లది. అన్నం వేళకి తప్ప ఒకళ్ల మొహం ఒకళ్లు చూడరు. ఇక్కడ మీ కుండీ పుణ్యమా అని సాయంత్రమయ్యేసరికి నలుగురం ఒకచోట చేరుతున్నాం. నా కూతురి దెప్పుళ్లు, మీ గ్రాఫూ... నాకు హాయిగా పొద్దుపోతోంది అల్లుడుగారూ."
ఏడుపొచ్చింది. పెట్టె దుమ్ము అని చెప్పాను.

సాయంత్రం 6:00. మా ఆవిడ కరెంటు హీటరు కొనుక్కొచ్చింది. శపథం గోవిందా! 22 డిగ్రీలు. గీత గ్రాఫు దాటి గోడ మీదికెక్కింది. నలుగురం దాని ముందే కూర్చున్నాం.

6:40. మా అమ్మాయి: "నాన్నా, నా గదికి కూడా ఒకటి కొనవా?"
నేను అత్తగారి వైపు చూశాను. అత్తగారు నా వైపు చూశారు.

డిసెంబర్ 15, సాయంత్రం 5:30
శపథం! ఈ ఇంట్లో రెండో హీటరు వెలగదు. ఉన్నదాన్నీ ఆపేశాను. కొత్త కుండీలు, బోల్టు, కొవ్వొత్తులు సిద్ధం.
అత్తగారు ఇప్పుడే మూడో స్వెటరు వేసుకుని వచ్చి కూర్చున్నారు. ఇంకా వెలిగించనేలేదు, అప్పుడే ఉక్కపోస్తోందట.