సైన్సు గది బీరువా

నా చిట్టితల్లికి,

అమ్మ రాసేది. ఆసుపత్రి డ్యూటీలో పడి వేళకు తింటున్నావో లేదో అని బెంగ. నీ కూతురు ఈసారీ సైన్సులో తప్పింది. నలభై మందిలో ముప్ఫై ఒక్కరు తప్పారట. వచ్చే పరీక్షా పోతే దాన్ని పదో తరగతికి పంపరట. నాకు ముద్ద దిగడం లేదు. పుస్తకమంతా అక్షరం పొల్లుపోకుండా అప్పజెబుతుంది కదా, మరెందుకు తప్పుతోంది? బడిలో నేను సైన్సు గది ఊడుస్తుంటే కొత్త సైన్సు టీచరమ్మ వచ్చి, ప్రయోగాల సామాన్ల బీరువా తాళంచెవి అడిగింది. పోయి మూడేళ్ళయిందని చెప్పాను.

దిగులుతో,
అమ్మ

ప్రియమైన అమ్మకు,

వేళకే తింటున్నాను. దానికి బుర్ర లేక కాదమ్మా, కంటితో చూడనిదాన్ని ఎన్నాళ్ళని బట్టీ పడుతుంది? ఆ తాళంచెవి సంగతే నాకు మింగుడుపడటం లేదు. నువ్వు గుండుసూది పోగొట్టుకోవడం కూడా నేనెరగను. ఆ గదిలో ఒక పిల్ల చేతిమీద యాసిడ్ పడిందీ మూడేళ్ళ కిందటే కదా? నిజం చెప్పు.

నీ కూతురు

బంగారుతల్లికి,

పదిహేను రోజులుగా రాయడానికి చెయ్యాడలేదు. తాళంచెవి పోలేదు. మన బియ్యం డబ్బా అడుగున ఉంది. ఆవేళ ఆ పిల్ల చేతిని కుళాయి కింద పట్టుకున్నది నేనే. ఆ కేక ఇంకా చెవుల్లోనే ఉంది. రేపు నా మనవరాలూ ఆ గదికే రావాలి కదా అని బీరువాకు తాళం వేసి, చెవి దాచేశాను. పాత సారుకు బోర్డు మీద రాసిపోవడమే తేలిక. మళ్ళీ అడగనే లేదు.

పోయిన వారం తాళంచెవి టీచరమ్మ చేతిలో పెట్టేశాను. తిడుతుందనుకున్నాను. "మూడేళ్ళుగా ఎంతమంది పిల్లలు నష్టపోయారమ్మా," అంది, అంతే. తర్వాత పిల్లలు ప్రయోగాలు చేసేటప్పుడు నన్ను నీళ్ళ బకెట్‌తో బల్ల పక్కన నిలబడమంది.

నీ కూతురు గాజుగొట్టం పట్టుకుంటే నేను బకెట్ ఇంకాస్త దగ్గరకు జరిపాను. నీలం కాగితం మీద యాసిడ్ చుక్క పడింది. కాగితం ఎర్రబడింది.

"అమ్మమ్మా, ఇది నిజంగానే మారుతుందే," అంది, పుస్తకం ఇన్నాళ్ళూ అబద్ధం చెప్పిందనుకున్నట్టు.

పరీక్ష సోమవారం. గట్టెక్కుతుందో లేదో. తప్పితే ఆ తప్పు నాది, పిల్లను ఒక్క మాట అనకు. రోజూ సైన్సు గంటకు బకెట్ నింపుకుని వెళ్తున్నాను. నాకు భయం పోలేదు. కానీ తాళం మాత్రం వెయ్యడం లేదు.

నీ పిచ్చి అమ్మ