వెనక ఫిరంగి లేని ఓడ

నవంబరు 2003, సోమవారం రాత్రి

నార్వే నౌకాదళం వారికి సవినయ మనవి: తమరి పాత తీర రక్షణ యుద్ధనౌక ఈ సాయంత్రం తిరుపతిలో, మా ఇంటి నడవలో ఓడిపోయింది. ఓడించింది మా నాయన.

ఇరవై రోజులుగా కంప్యూటర్లో ఒక్కో చుక్కా పెట్టి గీస్తున్నా. పొగగొట్టాలు, జెండా కర్ర, గుండ్రటి కిటికీలు... కళ్ళు మండుతున్నాయి. ఎవురూ అడగలేదు, నా సరదాకే. ఇంట్లో మాత్రం ఉద్యోగం కోసం ప్రాక్టీసని చెప్పినా.

నాయన గుడిలో పూలదండలు కట్టి అప్పుడే వచ్చినాడు. నా వెనకాల నిలబడి చాలాసేపు చూసినాడు.

"ఏందిరా అది?"

"యుద్ధనౌక నాయనా. నార్వేది."

"సముద్రం ఎప్పుడన్నా చూసినావా?"

"లేదు."

"అందుకే. ముందర అంత ఫిరంగి పెట్టి వెనక ఖాళీగా వదిలినావు. దండకైనా రెండు కొసలా బరువు సమంగా ఉండాల. లేకుంటే ఒకపక్కకి జారిపోతాది."

నేను చూసి గీస్తున్న ఓడల పుస్తకం తీసి మళ్ళీ చూసినా. ఫోటో ముందుపక్క నుంచి తీసినారు, వెనక ఫిరంగి పొగగొట్టాల చాటున ఉండాది. ముందొకటి, వెనకొకటి అని బొమ్మ కిందనే రాసుండాది. డిగ్రీ చదివినోణ్ణి, ఆ ఒక్క లైను చదవలేదు.

లోపలికి పోతా పోతా నాయన ఆగినాడు. "ప్రాక్టీసంటివే, ఈ పని ఎవురన్నా ఇచ్చినార్రా?"

"ఒక కంపెనీ" అనేసినా.

ఆయన మొహం వెలిగిపోయింది. "అయితే తప్పు లేకుండా చేసియ్యి. అయినాక నాకు చూపీ."

వెనక ఫిరంగికి రెండు రోజులు చాలు. లేని ఆ కంపెనీని ఎన్నాళ్ళు గీయాలో...